ఏడిపించి గాజులు తొడిగే కుళ్ళాయప్ప

కుళ్ళాయప్ప అని ఒగ గాజులాయప్ప ఉండె. భుజాన మలారం ఏసుకోని ఈ చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగేటోడంట. మలారం అంటే తెలుసు గదా, గాజులన్నీ తాళ్ళకు గుచ్చి భుజానికి తగిలించుకుంటారే, అది. మీకేం తెలుస్తాదిలే, మీరంతా అంగట్లో డబ్బా గాజులు కొనుక్కునేటోళ్ళు. ఎంత గట్టి చెయ్యైనా గానీ, ఆయప్ప గాజు చిట్లకుండా ఎక్కించేటోడు. ఎట్లంటే, గాజు ఎక్కేటప్పుడు నొప్పి పెడ్తాది, నొప్పి పెడితే చెయ్యి బిగబడ్తాది, బిగబడితే గాజు పగుల్తాది, అవునా? అందుకని కత చెప్పేటోడు. కత ఇంటా ఇంటా ఆయమ్మ తన చేతిని తానే మర్చిపోవల్ల, అప్పుడు చెయ్యి మెత్తబడి గాజు కణుపు దాటిపోతాది. నవ్వు కత చెప్తే చెయ్యి కదుల్తాది, పనికి రాదు. బయం కత చెప్తే ఇంగా బిగుసుకుంటాది. ఏడుపు కత చెప్పినావనుకో, చెయ్యి తడిగుడ్డ మాదిరి అయిపోతాది. అందుకే ఆయప్ప కతల్లో ఆడోళ్ళంతా సచ్చిపోతాండిరి. వాళ్ళ మింద ఆయప్పకి ఏం కోపం లేదు. పని అట్లాంటిది.

మరి అన్ని కతలు యాడనుంచి వచ్చె అంటారా? ఏరుకునేటోడంట. శెనక్కాయలు పీకినంక చేన్లో మిగిలిన పరిగె మనం ఏరుకుంటామే, అట్ల. పిండి గిర్ని కాడ ఒగ మాట, బోరింగు కాడ ఒగ మాట, గోడవతల తోడికోడళ్ళు గొణుక్కునే మాట. ఒగామె, "మా ఆయన మూడు దినాల నుంచి కూడు తిని, ఉప్పు చాలిందనీ అనడు, చాల్లేదనీ అనడు" అనిందనుకో, ఆయప్పకి అది చాలు. దానికి ముందర ఒగ పెండ్లి పెట్టి, ఎనక ఒగ సావు పెట్టి, పేరు మార్చి, ఏరు దాటి అవతల ఊర్లో చెప్పేటోడు. ఇన్న ఊర్లో మాత్రం చెప్పేటోడు కాదు. ఇంగొగటి, ఆ మాట ఎవరిదని ఎప్పుడూ అడిగేటోడు కాదు. అడిగితే ఏమైతాదంటే, నిజం చెప్తారు. నిజం తెలిసిందంటే కత మొరాయించిన ఎద్దు మాదిరి ఆడనే నిలబడిపోతాది అనేటోడంట.

ఇట్లుండగా ఏమైందంటే, నక్కలొంక అనే ఊర్లో ఒగ పొద్దు ఎండకి తట్టుకోలేక ఒగరింటి పంచన కూచోనుండాడు. లోపల కోడలు అత్తతో అంటాంది, అత్తా, ఆ బాయి కాడికి ఒంటిగా పోవాలంటే నాకు బయమైతాంది, అని. అత్త ఏమనిందో ఇనపడల్యా. ఆయప్పకి అంతే చాలు. ఏరు దాటి పోయి చెప్పినాడు, ఆ కోడలు బాయిలో పడి సచ్చిపోయింది అని. వట్టిగా సచ్చిపోయిందంటే ఎవరేడుస్తారు? దానికి ఒగ ముక్క అతికించినాడు, బాయి గట్టు మింద బిందె బోర్లించి ఉండె, బిందె మింద ఆ పిల్ల మెట్టెలు రెండూ తీసి పెట్టి ఉండె, అని. ఆడోళ్ళు ముక్కులు చీదినారు, గాజులు సర్రున ఎక్కినాయి. మళ్ళా ఏడాదికి నక్కలొంక పోతే, ఆ ఇంటోళ్ళు దూరం నుంచే రావొద్దని చెయ్యి ఊపినారు. ఏమ్మా ఏమైంది అంటే పక్కింటామె చెప్పింది, ఈ ఇంటి కోడలు బాయిలో పడి పోయింది కదప్పా, గట్టు మింద బిందె బోర్లించి ఉండె, దాని మింద మెట్టెలుండె, అని. కుళ్ళాయప్పకి ఆ ఎండలో చలి పుట్టిందంట. ఎప్పుడు పోయిందమ్మా, నేను కత చెప్పక ముందరనా, చెప్పినంకనా, అని నోటిదాకా వచ్చె. అడగల్యా.

ఇంగ ఎవర్నీ సంపను అనుకున్యాడు. ఒగ నెల నవ్వు కతలే చెప్పినాడు. ఏముంది, గాజులు పటపటమని పగిలేది, ఆడోళ్ళ చేతులు తెగేది. "ఏమప్పా కుళ్ళాయప్పా, నీ చేతికి పచ్చవాతమొచ్చిందా" అని మొగం మిందే అనేది. ఇరవై ఏండ్లు తెచ్చుకున్న పేరు నెలలో పోతే ఎవరికైనా ఎట్లుంటాది చెప్పండి. ఆ బాయి సంగతి ఏదో అట్ల కుదిరిందిలే, లోకంలో బాయిలన్నీ నా మాట ఇంటాయా ఏంది, అని తనకు తానే చెప్పుకోని, మళ్ళా మొదలు పెట్టినాడు.

ఆయప్పకి ఒగే బిడ్డ, హనుమక్క. తల్లి పోతే ఈయప్పే సాకినాడు, పెద్ద చేసి పులిగుండ్లపల్లిలో ఇచ్చినాడు. బిడ్డనిచ్చిన ఊర్లో మలారం దించకూడదని వాళ్ళల్లో ఒగ కట్టుబాటు, అల్లునికి తలవంపులని. అందుకే ఆ పక్కకి పోయేదే లేదు. పండగలకి పిలిస్తే బిడ్డే వచ్చి పోయేది. ఆ ఏడు ఉగాదికి పిలిస్తే రాల్యా. అదే తల్లి ఉండింటే, నా బిడ్డ ఎందుకు రాల్యా అని చెప్పులేసుకోకుండా పరిగెత్తిండేది. నాయన కదా. ఏం పనుల్లో ఉందో ఏమోలే అనుకున్యాడు.

ఎండాకాలంలో, ఒగ ఊరి పిండి గిర్ని కాడ ఇద్దరాడోళ్ళు గంపలు దించుకోని మాట్లాడుకుంటాండారు. ఈయప్ప గోడకి ఆనుకోని బీడీ తాగుతాండాడు. ఒగామె అంటాది, "ఆ పిల్ల ఇట్లంటాదంటక్కా, ఈ ఇంట్లోంచి నేను నడిచి బయటికి రాను, నన్ను మోసుకోనే పోతారు, అని." ఇంగొగామె "అయ్యో తల్లీ" అనె. అంతలో గిర్ని తిరగబట్టె, తర్వాత మాట ఇనపడల్యా. మన కుళ్ళాయప్పకి ఒళ్ళు జల్లుమనె. ఏం మాట! ఇన్నేండ్లు తిరిగినా ఇట్లాంటి మాట దొరకల్యా. రెండడుగులేసి, ఎవరమ్మా ఆ పిల్ల, అని అడిగింటే చాలు. అడగల్యా. కత చెడిపోతాదని, ఆ మాట యాడ జారిపోతాదోనని, నోట్లో దాపెట్టుకున్నట్టు దాపెట్టుకోని ఊరు దాటేసినాడు.

దారెంబడే కత కట్టినాడు. ఒగ పిల్ల, మొగుడు ఒట్టి అనుమానపోడు. తలుపుకి బీగమేసి చేనికి పోతాడు. పిల్ల కిటికీ కాడ నిలబడి ఈ మాట అంటాంటాది. మొదటి ఊర్లో గాజులేసేటప్పుడు, ఆ పిల్లకి తల్లి లేదు అని చెప్పినాడు. ఇనే ఆయమ్మ చేతిలో ఇంగా కొంచెం బిగువుండె. నాయన కూడా లేడు, సచ్చిపోయినాడు అన్యాడు. అప్పుడు మెత్తబడె. మరి ఆ పిల్ల ఎప్పుడు పోయింది? మిరగశిర కార్తెలో మొదటి వాన పడింది, ఊరంతా గొర్రు కట్టుకోని ఇత్తనానికి పోతాంటే, నలుగురు మనుషులు ఆ పిల్లని మోసుకోని ఎదురొచ్చినారు. అంతే కత. ఏడు ఊర్లలో చెప్పినాడంట. ఏడు ఊర్లలోనూ కొంగులు తడిచిపాయె. ఒగ గాజు పగల్లేదు. అంత మంచి కత తన జన్మలో చెప్పల్యా అనుకోని మురిసిపోయినాడు.

ఎనిమిదో ఊర్లో ఓబుళమ్మ అని ఒగ ముసలామె మనవరాలికి గాజులేయించను కూచోబెట్టె. కత సగంలో ఉండంగానే ముసలామె, "నిలుపప్పా. ఇది కతేంది? ఈ పిల్ల మా చెల్లెలి ఊర్లో ఉంది. పులిగుండ్లపల్లి. మొగుడు బీగమేసి పోయేది నిజమే, కిటికీ కాడ ఈ మాట అనేదీ నిజమే. నాయన లేడంటావేమి? నాయన ఉండాడు, గాజులాయనంట. ఊర్లు తిరిగేటోడు, జాబు రాస్తే అందదు, నా మాట నోటికి నోటికి చెప్పండి, ఎప్పుడో ఒగప్పుడు మా నాయన చెవిన పడ్తాది, వచ్చి నన్ను తీస్కపోతాడు, అని పోయేటోళ్ళకీ వచ్చేటోళ్ళకీ దండం పెడ్తాదంట" అనె.

ఇన్యారా? మాట చేరింది. యాడాడనో తిరిగి, చేరాల్సిన మనిషికే చేరింది. ఆ మనిషి దాన్ని కత చేసుకోని ఏడు ఊర్లలో గాజులు తొడిగినాడు. ఆయప్ప గుండె అప్పుడు ఎట్లయిందో నేను చెప్పలేను, మీ బిడ్డల్ని తలుచుకోండి, మీకే తెలుస్తాది. మలారం ఆయమ్మ ఇంటి కాడనే పారేసి పరిగెత్తినాడు. మిరగశిర వచ్చి మూడు దినాలైంది. పడమటి పక్క మబ్బు కాటుక పెట్టినట్టు ఉంది.

దారిలో తాను మొదట ఆ కత చెప్పిన ఊరొచ్చె. ఆడ ఒగ పంచలో ఆడోళ్ళు ఇత్తనం కాయలు వొలుస్తాండారు, ఇదో, మీ మాదిరే. వొలుస్తా ఆ కతే చెప్పుకుంటాండారు. కుళ్ళాయప్ప ఆగి, అమ్మా, ఆ కత తప్పు, ఆ పిల్ల సావలేదు, వాళ్ళ నాయన పోయి తెచ్చుకున్యాడు, అన్యాడు. ఒగామె తలెత్తకుండానే, "ఆ పిల్లకి నాయన యాడుండాడు?" అనె. ఉండాడమ్మా, నేనే, అన్యాడు. "నాయన లేడు" అన్యారు అందరూ. కోపం లేదు, కసురుకోలేదు, చిన్నపిల్లోడు ఎక్కం తప్పు చెప్తే దిద్దినట్టు దిద్దినారు. "నాయన సచ్చిపోయినాడు. మొదటి వానకి పిల్ల పోయింది. నలుగురు మోసుకోని పోయినారు." అంతమందీ ఒగే గొంతుతో అన్యారు, చేతులు ఆపకుండా. ఆయప్ప మళ్ళా పరుగెత్తినాడు. తాను చెప్పిన కతలో తన మాట చెల్లలేదు చూడండి.

పులిగుండ్లపల్లి చేరేపాటికి మద్యాన్నం దాటింది, ఊర్లో గాలి నిలబడిపోయి ఉంది. అల్లుడు చేనికి పోయినాడు. తలుపుకి బీగముంది. అరుగు మింద నలుగురు మనుషులు వరసగా కూచోనుండారు, పక్కన రెండు వెదురు బొంగులు, కొత్త తాడు పెట్టుకోని. దొంగలు కాదు, చెడ్డోళ్ళు కాదు, ఆ ఊరి రైతులే. రాప్పా, దప్పికైతాంది గదా, నీళ్ళు తాగుతావా అని మర్యాదగా అడిగినారంట. ఏం చేస్తాండారన్నా మీరు, అన్యాడు. "వాన కోసం చూస్తాండాం" అన్యారు. వానకి బొంగులెందుకు? "వాన పడితే మోయల్ల గదా." ఎవర్ని? "లోపలుండే పిల్లని." ఆ పిల్ల బతికే ఉంది గదన్నా, అని అరిచినాడు. "ఉంది" అన్యాడు వాళ్ళల్లో పెద్దాయన, "వాన ఇంగా పడలేదు గదా."

అప్పుడు కుళ్ళాయప్ప వాళ్ళ కాళ్ళు పట్టుకున్యాడు. నేను ఆ పిల్ల నాయన్ని, పక్కకి జరగండి, బిడ్డని తీస్కపోతా, అన్యాడు. వాళ్ళు ఒగరి మొగం ఒగరు చూసుకున్యారు. "ఆ పిల్లకి నాయన లేడప్పా, నువ్వెవరో దారి తప్పినావు" అన్యారు. జాలిపడి అన్యారు. తలుపు మిందికి పోబోతే నలుగురూ లేచి అడ్డం నిలబడినారు. అప్పుడే ఒగ చినుకు, ఇంత లావుది, అరుగు మింద టప్పుమని పడె. పెద్దాయన వంగి బొంగు ఎత్తుకున్యాడు. ఇంగేం చేస్తాడు పాపం? కండ్లు తుడుచుకోని నిలబడి, "సరేన్నా, నేను నాయన కాదు. నేను ఈ కత చెప్పినోణ్ణి" అన్యాడు. ఆ మాటతో నలుగురూ తగ్గినారు. "నువ్వేనా? ముందే చెప్పకూడదా! మరి మేము మోయల్లనా, వద్దా?" అని అడిగినారు. వద్దు, ఇంటికి పోండి, అన్యాడు. బొంగులు ఆడనే పెట్టి, మబ్బు చూసి, గొర్రు కట్టుకోవల్ల అనుకుంటా ఎవరి దోవన వాళ్ళు పోయినారు. బిడ్డ ఇంటి గడప దాటను నాయన్ని కాదని తానే అనాల్సి వచ్చె ఆయప్పకి.

రాయి తీసుకోని బీగం పగలగొట్టినాడు. హనుమక్క గోడకి ఆనుకోని కూచోనుంది, ఎముకల గూడు. నాయన్ని చూసి లేవలేదు, ఏడవలేదు. "వాన పడిందా?" అనె. ఆ పిల్ల కూడా ఇనింది ఆ కత, కిటికీలోంచి. తానూ వాన కోసమే చూస్తాంది. ఆయప్ప చెయ్యి పట్టి లేపినాడు. బొంగులు దాటుకోని, ఆ వానలో, ఆ పిల్ల నడిచే వచ్చింది.

ఊరు దాటినంక అడిగింది, "నాయనా, నా మాట నీకు చేరిందా?" అని. కుళ్ళాయప్ప ఎంత కత చెప్పినోడు! ఈ పొద్దే తెలిసిందమ్మా, తెలిసిన నిముసంలో పరిగెత్తుకోని వస్తి, అంటే నమ్మేస్తాది. నోరు తెరిచినాడు గానీ కత రాలేదు. "చేరిందమ్మా. ఎండాకాలంలోనే చేరింది" అన్యాడు. ఆ పిల్ల కొంగుతో మొగం మింద వాన తుడుచుకునె. తర్వాత, "ఎన్ని ఊర్లలో చెప్పినావు?" అనె. ఏడు ఊర్లలో. "ఏడ్చినారా?" ఏడ్చినారమ్మా, బాగా ఏడ్చినారు. "ఆ ఏడ్చినోళ్ళలో ఒగరన్నా, ఆ పిల్ల యాడుంది, పోయి తలుపు తీద్దాము, అన్యారా?" అన్లేదమ్మా, అన్యాడు. ఆ పొద్దు నుంచి ఆయప్ప ఇంగ కత చెప్పలేదంట. పగిలే గాజులు పగిలినాయి, తిట్టే ఆడోళ్ళు తిట్టినారు. హనుమక్క శానా ఏండ్లు బతికింది. కాయలు వొలిచే కాడ తన సావు కత తానే ఇనేది. ఆ పిల్లని నేనే అంటే, గమ్మునుండమ్మా, ఆ పిల్ల పోయింది, అనేటోళ్ళంట.

ఇదీ సంగతి. నేను చూస్తానే ఉండా, కత బీగం కాడికి వస్తే మీలో ఇద్దరు కండ్లు తుడుచుకున్యారు, బాయి కాడికి వస్తే ముగ్గురు అయ్యో అన్యారు. ఆ నక్కలొంక కోడలు, బాయి కాడికి ఒంటిగా పోవాలంటే బయమంటాంది అని మొదట్లోనే చెప్తి. ఎవరమ్మా ఆయమ్మ, యాడుంటాది, అని ఒగరన్నా అడిగినారా? అడగల్యా. ఇప్పుడు అడక్కండిలే. గంపలో కాయలు ఇంగా సగమట్లే ఉండాయి, వొలవండి.