దారి ఇచ్చిన చేయి

“కైలాసం బాపు సన్మానం వద్దంటున్నడంట. శాలువ పేరెత్తితేనే మొఖం దిప్పుకుంటున్నడంట. ఏందో లొల్లి ఉన్నది” అని గౌలిపురలో ఆయన పక్కింటి కాశమ్మ నల్లా దగ్గర అన్నదట. ఆ మాటను మా కండక్టరు వైకుంఠం బస్సు డిపోకు మోసుకొచ్చాడు. అందులో సగమే నిజం. శ్రీ కైలాసం గారు వద్దన్నది సన్మానాన్ని కాదు, జ్ఞాపిక మీద చెక్కించదలచిన ‘ప్రమాదరహిత చోదకులు’ అన్న బిరుదును.

రాళ్ల లారీలు నడిపి కాయలు కాచిన చేతులతో, 1968 ఫిబ్రవరి 5వ తేదీన వారు మా డిపోలో డ్రైవరుగా చేరారు. నాటి నుండి ఈ 1986 జూన్ నెలాఖరున పదవీ విరమణ వరకు వారి సేవ అంతా చార్మినార్, చాంద్రాయణగుట్టల నడుమనే సాగింది. సైకిళ్లు, రిక్షాలు, తోపుడుబండ్లు, గౌలిపుర బర్రెలు, బడిపిల్లలు ఒకే ఇరుకు తోవను పంచుకునే చోట, బస్సు పెద్దది గనుక దారి కూడా బస్సుదేనని ఏనాడూ భావించని ఉదారులు వారు. గల్లీ మొగలో ఎవరు నిలబడినా బస్సు ఆపి, కిటికీలోంచి చేయి ఊపి దాటించేవారు.

ఆఫీసుకు ఆలస్యమైన ఒకాయన, “ఏందన్నా, బర్రెకు గూడ సలాం కొట్టి పోతవా?” అని ఎత్తిపొడిచారట.

“కూసో భాయ్. దిగినంక నువ్వు గూడ నడిచెటోనివే గద!” అన్నారు కైలాసం గారు. బస్సంతా గొల్లున నవ్వింది.

1977 శ్రావణంలో, వాన వెలిసిన ఒక ఉదయం, గౌలిపుర పాలవ్యాపారి శివయ్య క్యాన్లు తగిలించిన సైకిలును నడిపించుకుంటూ గల్లీలోంచి వచ్చి రోడ్డు అంచున ఆగారు. కైలాసం గారు బస్సు నిలిపి, అలవాటుగా చేయి ఊపి, “రా శివన్నా, రా” అన్నారు. శివయ్య వచ్చారు. ముందు బస్సు ఎందుకు ఆగిందో వెనుక లారీవానికి కనబడలేదు. గోడలా నిలిచిన బస్సును కుడివైపు నుండి దాటి దూసుకొచ్చాడు. శివయ్యకు ప్రాణం దక్కింది గాని మోకాలి కింద కుడికాలు దక్కలేదు. నాటి నుండి పాలక్యాన్లు భార్య కొమురమ్మ నెత్తికెక్కాయి.

ఆపిన బస్సులో కూర్చున్న డ్రైవరుకు దోషం లేదని విచారణలో తేలింది. డిపో ఊపిరి పీల్చుకున్నది, కైలాసం గారు పీల్చుకోలేదు. ఆ తరువాత కూడా బస్సును మునుపటిలాగే ఆపారు గాని, ఎవరినీ రమ్మని మాత్రం పిలవలేదు. కుడిచేయి బయటికి చాచి, అద్దంలో చూసి, వెనుకవారు ఆగారని రూఢి చేసుకొని ఊరక కూర్చునేవారు. దాటేవారు తమ కళ్లతో తాము చూసుకొని దాటాలి. కొత్త డ్రైవర్లకు కూడా అదే చెప్పేవారు: “ఆగుడు నీ చేతుల ఉన్నది బిడ్డా, రమ్మనుడు నీ చేతుల లేదు. ఎనకటోడు ఆగుతడని నువ్వెట్ల జిమ్మేదారి తీసుకుంటవు?”

ఆ పాఠం మేమంతా నేర్చుకున్నాం. అది మాకు దొరికిన తీరు తలచుకుంటేనే మనసు కలుక్కుమంటుంది.

బిరుదు తీసివేశాం. అయినా శివయ్య వస్తేనే తాము వేదిక ఎక్కుతామన్నారు కైలాసం గారు. ఇన్నేళ్లుగా శివయ్య ఉండే గల్లీని తప్పించి చుట్టు తిరిగి నడిచేవారని, వెళ్లి ఆయనను చూసి రమ్మంటే “ఏం మొఖం వెట్టుకొని పోవాలె?” అనేవారని ఆయన సతీమణి సుశీలమ్మ గారు చెప్పారు. మొన్న ఆదివారం మా సంఘ కార్యదర్శి బాలనర్సింహ ఆయనను వెంటబెట్టుకొని శివయ్య ఇంటికి వెళ్లారు.

కైలాసం గారు సతీసమేతంగా నిండు నూరేళ్లు ఆయురారోగ్యాలతో ఉండాలని, ఇకపై వారు కాలినడకన పోయే ప్రతి దారిలోనూ బండ్లు వారి కోసం నిదానించాలని డిపో యావత్తూ కోరుకుంటున్నది. ఈ మాటలే శివయ్యతోనూ చెప్పి, “కైలాసన్న తప్పు లేదని ఆనాడే తేలింది గద, పాతది ఇడిసిపెట్టి సభకు రా శివన్నా” అన్నారు బాలనర్సింహ. శివయ్య చంకకర్ర గోడకు ఆనించి, ఆయన వంక చూడక కైలాసం గారినే చూస్తూ పలికారు. ఆ మాటను అన్నది అన్నట్టే ఈ సన్మాన సంచికలో అచ్చు వేస్తున్నాం.

“నీ మీన పగ లేదు, నూరేండ్లు బతుకు. గని నువ్వు రా అంటె నేను ఒక్క మాటకే వచ్చిన కైలాసన్నా. రెండు గల్లీల అవతలికెల్లి రానీకె నీకు తొమ్మిదేండ్లెందుకు పట్టింది?”