సోమందేపల్లి మీదుగా పోయిన వైరు లేని కరెంటు

"నేను గొప్పలు చెప్పుకునేవాణ్ణి కాదబ్బా. ఒక్క బండికి, ఒకే ఒక్క బండికి, వైరు లేకుండా చార్జింగు ఎక్కించినా. అంతే."

హనుమంతరాయుడు ఈ మాట అనేటప్పటికి మధ్యాహ్నం మూడైంది. సోమందేపల్లి హైవే పక్కన ఎర్రప్ప టీ అంగట్లో ఉన్న ప్లగ్గులు రెండే. ఒకటి ఫ్రిజ్జుకు. రెండోదానికి హనుమంతరాయుడి ఫోను వేలాడుతోంది. నాగలక్ష్మి తన బ్యాటరీ ఆటోను అంగడి పక్కన నిలిపి, చార్జరు చేత్తో పట్టుకుని ఆ రెండోదాని కోసమే నిలబడి ఉంది. ఆరు గంటలకు హిందూపురం గార్మెంట్సు ఫ్యాక్టరీ దగ్గర ఆరుగురు ఆడోళ్లను ఎక్కించుకోవాలి. ఈ వారంలో అప్పటికే రెండుసార్లు ఆలస్యమైంది. ఇంకోసారైతే వేరే ఆటో మాట్లాడుకుంటామని వాళ్లు మొహం మీదే చెప్పేశారు.

"అన్నా, ఆ ఫోను కొంచెం తీస్తావా? గంటన్నర పెట్టుకుంటే చాలు."

"తీస్తా తల్లీ, ఈ ముక్క అయిపోనీ. హిందూపురం అవతల, కర్ణాటక గడ్డ మీద, గోల్ఫ్ మైదానంలో గదా నా డ్యూటీ..."

"గల్ఫ్‌కు ఎప్పుడు పోయినావు బావా? మొన్న కూడా ఈడనే టీ తాగితివే!" అన్నాడు ఎర్రప్ప. హనుమంతరాయుడు ఆయన అక్క మొగుడు. బావను లెమ్మనే ధైర్యం లేక కడిగిన గ్లాసులే మళ్లీ కడుగుతున్నాడు.

"గల్ఫ్ కాదురా, గోల్ఫ్! దుడ్లున్నోళ్లు చిన్న చెండును కట్టెతో కొట్టి, దాన్ని వెతుక్కుంటా బ్యాటరీ బండ్లలో తిరుగుతారు. అట్లాంటి బండ్లు నలభై. దినామూ నలభై వైర్లు పెట్టాల, నలభై పీకాల. ఇట్లయితే కాదని బెంగుళూరు ఇంజనీర్లు వచ్చి నేలలో పలకలు పూడ్చిరి. పలక మీద బండి నిలబెడితే చార్జింగు దానంతటదే ఎక్కాల. ఎక్కలా! నేను పోయి బండిని జానెడు పక్కకు జరిపినా. ఎక్కె!"

"బాగుండాదన్నా. ఇంక ఫోను..."

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? పక్క బండికీ ఎక్కె. దాని పక్కదానికీ ఎక్కె. నేను టీ తాగొచ్చేలోపల నలభై బండ్లూ నిండిపోయి, ఇంక చాలు సామీ అన్నట్లు హారన్లు కొడతాండాయి! ఆపుదామంటే వైరే లేదు గదా, ఏది పీకేది?"

"నా బండి ఆరు పర్సెంటులో ఉండాదన్నా!"

"ఆరా? ఆ పొద్దు ఆడుండింటే ఆరునూర్లయ్యేది! మిగిలిన కరెంటు కంచె దాటె. అవతల మేస్తాండే గొర్రెలకు బొచ్చు నిక్కబొడుచుకొని, మందకు మంద రొళ్ల ఊరి దాకా పరుగు! కాపరి తరిమి పట్టుకొని పొట్టేలు కొమ్ముకు ఫోను ఆనిస్తే చార్జింగు ఎక్కుతాండాదంట!"

"ఎర్రన్నా, నువ్వయినా చెప్పు," అంది నాగలక్ష్మి.

ఎర్రప్ప ఇంకో గ్లాసు కడిగాడు.

"ఆడికే ఆగితే అది నేను ఎక్కించిన కరెంటెట్లయితాది? పెనుకొండ స్టేషన్లో ఇంజను తగిలించకముందే గూడ్సు బండి కదిలిపాయె. పచ్చజెండా పట్టుకొని స్టేషన్ మాస్టరు దాని వెనకాల పరుగు! ఆడినుంచి ధర్మవరం. మగ్గాలన్నీ వాటంతటవే ఆడతాంటే, నేసేవాళ్లు మగ్గం గుంటల్లోంచి కాళ్లు పైకి తీసుకొని చూస్తాండారు. అంచు కూడా ఆ కరెంటే ఎంచుకుండె! పట్టుచీర అంచు పొడుగునా గోల్ఫ్ బండ్లే! లెక్కపెట్టినా, సరిగ్గా నలభై!"

మూడున్నర దాటింది. నాగలక్ష్మి చార్జరు వైరును చేతికి చుట్టుకుంది, విప్పింది, మళ్లీ చుట్టుకుంది. తర్వాత వచ్చి బెంచీ మీద ఆయన పక్కనే కూర్చుని, బడిలో లెక్క అడిగినట్లు నిదానంగా అడిగింది.

"అన్నా, హిందూపురం తట్టు నుంచి పెనుకొండకు పోయిండాదంటే, ఆ కరెంటు యా దోవన పోయినట్లు?"

"ఉండేది ఒకటే దోవ గదమ్మా."

"అంటే మన సోమందేపల్లి మీదనే."

"మీదనే ఏంది, ఈ బెంచీ కిందనే! కూర్చుంటానే నాకు కాళ్లు జుమ్మన్నాయి."

"అయిపోయిందా, ఇంకా పోతాండాదా?"

"నేను ఎక్కించింది అయిపోతాదా? ఇప్పుడు గూడా పోతానే ఉండాది!"

నాగలక్ష్మి లేచింది. గోడకున్న ఫోను చార్జరు పీకింది. ఫోనును వైరు నుంచి విడదీసి, బెంచీ కింద నేల మీద జాగ్రత్తగా పెట్టింది. తన చార్జరు తగిలించింది. ఎర్ర దీపం వెలిగింది.

"ఓమ్మే! ఇంకా పదకొండు పర్సెంటే అయిండాది! నేల మీద పెట్టినావేంది?"

"ఆడనే గదన్నా కరెంటు పోతాండేది. కాళ్లు అడ్డం పెట్టొద్దు."

ఎర్రప్ప నవ్వాపుకోలేక ఫ్రిజ్జు వెనక్కి పోయాడు. నాగలక్ష్మి పోయి ఆటోలో కూర్చుంది. హనుమంతరాయుడు చాలాసేపు రోడ్డు మీద లారీలను చూశాడు. తర్వాత, ఎవరూ గమనించడం లేదని నమ్మకం కుదిరాక, ఎక్కుతోందేమోనని మెల్లగా వంగి బెంచీ కిందికి చూశాడు.