రూబమ్మకు చెప్పాల్సిన మాట

ఏమప్పా, ఆ టీవీ సౌండు రవ్వంత తగ్గించు. ఏంటిది, పోలీసు కుక్కకి మెడల్ ఇస్తాండారా? ఇయ్యనీలే, మంచిదే. అదేమో మెడల్ పక్క చూడనే చూడదు, నాలిక బయటేసి పక్కనుండే వాని మొగమే చూస్తాండాది. వాని పేరు చెప్పినారా? చెప్పరు. కుక్క పేరు ఊరంతా చెప్తారు, గొలుసు పట్టుకున్నోని పేరు ఎవురికీ వద్దు. నవ్వుతాండావు గానీ, మా ఇంట్లోనే ఉండె అట్లాంటోడు. ఈశ్వరప్ప బావ. మా రత్నమ్మక్క మొగుడు. సొంతూరు ఈ పెనుకొండే, ఉద్యోగం మాత్రం బెంగుళూరు పోలీసుల్లో, కుక్కని చూసుకునేది. అరవైల కడాకరి మాట, అప్పుడు మీ నాయనకి చెడ్డీ కూడా నడుం మీద నిలిచేది కాదు.

కుక్క పేరు రూబి. ఆడపేరుకి అమ్మ తగిలించకుంటే మనకి తోచదు గదా, ఊర్లో అందరికీ రూబమ్మ అయిపాయ. అప్పుడు మన పక్క పోలీసు కుక్కలు యాడివి, బెంగుళూరినుంచే పిలిపిస్తాండిరి. ఒకసారి హిందూపురంలో ఏందో దొంగతనం కేసుకని వచ్చి, తిరిగి పోతా పోతా బావ ఇంటికాడ జీపు నిలిపినాడు. 'డౌన్' అన్నాడు, నడవలో పండుకునె. మా హనుమమ్మత్త, అదే, బావ వాళ్లమ్మ, సంగటి ముద్ద తెచ్చి ముందర పెడితే వాసన కూడా చూల్యా. కోడి వచ్చి దాని ముక్కు ముందరే ఆ ముద్ద పొడుచుకోని తింటాండాది, ఇది కన్ను గూడా కదల్చదు. బావ అన్నం తిని చెయ్యి కడుక్కోనొచ్చి 'రా, పోదాం' అన్నాడు చూడు, చెంగున లేసె. ఆయప్ప ఎడమ మోకాలికి భుజం ఆనించి, మొగం పైకెత్తి ఆయప్పనే చూస్తా నడిసె. గడప కాడ నిలబడె. ఆయప్ప దాటినాకనే అది దాటె. పని చెప్పేదంతా ఇంగ్లీషంట, పని అయిపాయ అని చెప్పేది మాత్రం మన తెలుగంట. ఏంటికి బావా అట్ల అంటే, 'పని సర్కారుది రా, ఇంటికి పోయేది మాది' అనె.

ఇంగ ఆ ఎండాకాలం ఏమాయ అంటే, ధర్మవరంలో పట్టుచీరలు నేసే పాండురంగ అని ఒకాయన, పెండ్లికని పెండ్లాం బిడ్డతో ఈడికొచ్చినాడు. బిడ్డ పేరు గౌరి, పలక పట్టుకోని బడికి పోయే ఈడు. పెండ్లింటి పిల్లోళ్లతో కోటకొండ ఎక్కె, వాళ్లతో దిగి రాల్యా. ఊరంతా ఎతికినాం. ఎవుడో ఎత్తకపోయినాడని ఒకరు, ఎలుగుబంటి అని ఒకరు, ఎవురి నోటికొచ్చింది వాళ్లు. మరుసనాడు మధ్యాన్నానికి బెంగుళూరు జీపు వచ్చె. కొండ తెలిసినోడని బావనే పంపినారు. ఆ తల్లి బిడ్డ పట్టుపావడ తెచ్చిచ్చె. బావ వాసన చూసి ఎనక్కిచ్చేసినాడు. 'దీనికి మీ ఇంట్లో అందరి వాసనా ఉండాదమ్మా, పట్టు, గంజి. బిడ్డ ఒక్కదాందే ఏదన్నా ఇయ్యి' అనె. ఆయమ్మ సంచిలోంచి జడ రిబ్బను తీసిచ్చి ఆడనే కూలబడె.

కొండ మీద బండలు పెనం మాదిరి కాల్తాండాయి. రూబమ్మ ముందర, మేం ఎనక. కోటగోడ పడిపోయిన చోట ఒక పెద్ద బండ, దాని కింద సందు, లోపల యే కాలం నాటిదో నేలమాళిగ. బిడ్డ మూలిగేది వినపడె. పాండురంగ నేలమీద పడి 'గౌరీ' అని ఒకటే ఏడుపు. దొరికితే కుక్క మొరగాల గదా? మొరగల్యా. బావ ప్యాంటు నోట కరుసుకోని ఎనక్కి గుంజె. ఎప్పుడూ చెయ్యని పని. బావ దాని నెత్తి నిమిరి, 'సిట్' అని, పాకతా లోపలికి పాయ. బిడ్డని సందులోంచి పాండురంగ చేతికి అందించె. అందించిన చేతులు ఇంగా బయటే ఉండాయి, పైబండ జారె. జనమంతా దూరం ఉరికిరి. అది ఉరకల్యా. రాళ్లు మీద పడతాంటేనే సందులో దూరి బావ కాలరు పట్టుకోని గుంజె, గోర్లు ఊడి నెత్తర కారతాండినా గుంజతానే ఉండె. మేం బండ జరిపేతలికి బావలో పానం లేదు. బిడ్డ బతికె. అంత మంచోణ్ణి నేను మళ్ల చూల్యా అప్పా.

మాలో పూడ్చేదే. కొండకింద మా చేన్లో పూడిస్తిమి. ఆడోళ్లంతా గట్టుమీద నిలబడుకోనుండిరి. నీకు ఎవురన్నా చెప్పినారో లేదో, సావు కాడినుంచి వచ్చేటప్పుడు నోరిప్పకూడదు. వస్తాననకూడదు, పదాం అనకూడదు, ఎవురినీ రా అని పిలవనే కూడదు. రా అంటే బతికినోళ్లకే వినపడతాదని ఏముండాది? అందరూ తలకాయలు దించుకోని కదిలిరి. రూబమ్మ మాత్రం మట్టికుప్ప పక్కన కూచోనుండాది. బెంగుళూరినుంచి వచ్చిన ఇన్స్పెక్టరు 'కమ్, రూబీ, కమ్' అనె. చెవి కూడా తిప్పల్యా. ఆయనకి తెలుగు రాదు, 'బా రూబీ, బా' అని కన్నడంలో బతిమాలె. గొలుసు తగిలిద్దామని పోయిన కానిస్టేబులు చెయ్యి కొరికేసె. ఇన్స్పెక్టరు మంచోడే, కండ్లనిండా నీళ్లు. అయినా ఇట్ల ఇడిసిపోతే ఊరోళ్లని చంపుతాది, కాల్చాల్సిందే అని తుపాకి తెప్పించె.

దానికి చెప్పాల్సిన మాట ఏందో మా ఇంటోళ్లకంతా ఎరుకే. ఆడ నిలబడి ఎట్ల అంటారు? మా అక్క గట్టు దిగొచ్చె. హనుమమ్మత్త ఉరికొచ్చి రెక్క పట్టుకునె. 'అనొద్దే, నీకు పున్నెముంటాది. వాడు ఎనకాలే వస్తాడే' అనె. మా అక్క, అంతసేపూ ఏడవను గూడా ఏడవల్యా ఆయమ్మ, అత్త మొగం చూసి, 'రానీ అత్తా' అనె. అట్ల అని, కుక్క పక్క తిరిగి, 'రా, పోదాం' అనె.

లేసె. లేసి మా అక్క కాడికి రాల్యా. ఆయమ్మకి అంత దూరంలో, మొగం పైకెత్తి, భుజం దేనికో ఆనించినట్ల పక్కకి ఒరిగి నడిసె. కుంటతా నడిసె. దావలో ఎద్దులబండి ఎదురైతే ఓరకి జరిగె, జరిగి మళ్ల ఒక మనిషి పట్టేంత జాగా ఇడిసె. ఊరోళ్లు ఒక్కరు గూడా ఆ జాగాలో కాలు పెట్టల్యా. పట్టపగలు, అంతమంది జనం, అయినా నాకు భయమూ ఏసె, ఏడుపూ వచ్చె. ఇంటికాడ గడప ముందర నిలబడె. నడవలో హనుమమ్మత్త ముందే వచ్చి ఉండె. ఏమి తోచెనో, గోడకి ఒత్తుకోని దావ ఇచ్చె. అప్పుడు అది గడప దాటె.

తెల్లారి జీపు వచ్చె. కుక్క బావ మంచం పక్కన పండుకోనుండాది, కదలదు. ఇన్స్పెక్టరు మా అక్క ముందర చేతులు కట్టుకోని నిలబడి, 'నిన్న చెప్పిన మాట ఇంగొకసారి చెప్పమ్మా, తీస్కపోతాం' అనె. ఆయన అడిగేదీ న్యాయమే, సర్కారు కుక్క. మా అక్క కొంగు సర్దుకోని నోరు తెరిసె. హనుమమ్మత్త, అంత ముసలామె, యాడినుంచి ఉరికెనో, కోడలి నోటికి చెయ్యి అడ్డం పెట్టె.

'అనొద్దే. వాడు గూడా జీపెక్కుతాడే' అనె.

... ఏం చేస్తారు, వట్టి జీపు తోలుకోని పోయిరి. ఆ కిటికీ మూసి రాప్పా, దుమ్ము కొడ్తాంది.