రెండోసారి తాళం

కారు స్టార్టయిందా? రెండోసారికా. సరే, అయిందిగా, ఆపేసి లోపలికి రా. నాకేం కాలేదమ్మాయ్. అక్కడ నువ్వు తాళం తిప్పుతుంటే ఇక్కడ నా చేతిలో గిన్నె జారింది, అంతే. స్టీలుదే, పగల్లేదు. కూర్చో. నిన్న అడిగావుగా, హాల్లో ఫోటోలో ఉన్నాయన సంగతి ఎత్తితే ఎందుకు మాట మారుస్తారత్తయ్యా అని. అందరూ మార్చరు. మీ ఆయన్ని కదిపి చూడు, తాత కబుర్లు తెల్లారేదాకా చెబుతాడు. మార్చేది నేనే.

మా మామగారు టెలిఫోన్ ఆఫీసులో చేసి రిటైరయ్యారు. లైన్లలో లోపం ఎక్కడుందో వెతికే పని. ఊరవతల ఎక్కడో తీగ పాడైతే ఇక్కడ కుర్చీలో కూర్చుని, చెవి దగ్గర ఫోను పెట్టుకుని కనిపెట్టేవారట. మా అత్తగారు మూతి తిప్పేవారు: 'అంత చెవి ఉన్న మనిషికి నేను పిలిస్తే మాత్రం వినబడదు' అని. ఆవిడ సంగతి వదిలెయ్. ఏం చెబుతున్నాను? ఆ, కారు. అప్పుడు మనకి పాత తెల్ల కారు ఒకటుండేది. నడిపేది నేనే. మీ ఆడపడుచుని బడికి, డాక్టరు దగ్గరికి అందులోనే తిప్పేదాన్ని. వారమంతా నిక్షేపంగా తిరిగేది, ఉన్నట్టుండి ఓ పూట టక్ అని ఊరుకునేది. మెకానిక్ వచ్చాడా, ఇక చూడు దాని బుద్ధి! తాళం పెట్టీ పెట్టకముందే స్టార్టు. 'బండి భేషుగ్గా ఉంది మేడమ్, తమరే ఇంకాస్త గట్టిగా తిప్పాలి' అని నవ్వేవాడు. మీ మామయ్య కూడా వాడితో కలిసి నవ్వేవారు. పిల్లదీ అదే వరస. ఆడుకుంటూ ఆడుకుంటూ ఆగిపోయేది. కళ్ళు ఎటో ఉండేవి, పిలిస్తే పలికేది కాదు. అంతలోనే మామూలు. డాక్టరు ముందు కూర్చోబెడితే పద్యాలు అప్పజెప్పేది. తలకి వైర్లు పెట్టి పరీక్ష చేశారు, ఏమీ లేదన్నారు. 'తల్లులకి కంగారెక్కువ' అన్నాడాయన, మీ మామయ్య వైపు చూసి. నాతో కాదు.

నమ్మింది మా మామగారొక్కరే. 'కనబడలేదంటే లేదని కాదమ్మా, దాక్కుందని' అన్నారు. ఆ మాటకి నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. అప్పట్నుంచి కారూ పిల్లా ఇద్దర్నీ ఆయనే చేతిలోకి తీసుకున్నారనుకో. ప్రశ్నలే ప్రశ్నలు. టక్ అని ఒక్కసారి అందా, టకటక కొట్టుకుందా, అసలు నోరే మెదపలేదా? ఇంజను వేడిగా ఉందా? ముందురోజు వాన పడిందా? పిల్ల సంగతైతే ముందు ఏ చెయ్యి బిగుసుకుంది, నిద్ర చాలిందా, లేచాక మనల్ని గుర్తుపట్టిందా? కారులో ఏదీ మార్చనిచ్చేవారు కాదు. మెకానిక్ బ్యాటరీ మారుస్తానంటే కోప్పడ్డారు. 'ఒక్కోటి చూడాలి. అన్నీ మార్చేస్తే ఏది చెడిందో ఎప్పటికీ తెలీదు.' ఒక బల్బుకి పొడుగాటి వైర్లు కట్టి సీటు కింద పెట్టించారు. కరెంటు ఎక్కడిదాకా వస్తోందో ఆ బల్బు చెబుతుందట. అన్నిటికంటే ముఖ్యమైంది ఒకటి చెప్పారు. బండి మొరాయించినప్పుడు రెండోసారి తాళం తిప్పకు. ఊరికే తిప్పితే ఎక్కడో వదులైన తీగ అదురుకి అతుక్కుని స్టార్టయిపోతుంది, దొంగ పారిపోతాడు. బండి చచ్చి ఉన్నప్పుడే పట్టుకోవాలి. నేను అలాగే చేసేదాన్ని. మార్కెట్లో ఆగిపోతే సంచులు మోసుకుని నడిచొచ్చాను గానీ రెండోసారి తిప్పలేదు. ఆయన పరుగున వెళ్ళేవారు. తలుపు వేసిన అదురుకే అతుక్కుని, తాళం తిప్పగానే స్టార్టయ్యేది.

ఆరోజు మధ్యాహ్నం. మీ మామయ్య పనిలో ఉన్నారు, మీ ఆయన బళ్ళో ఉన్నాడు. పిల్ల చేతులు కడుక్కుని వస్తూ పడిపోయింది. ఇదివరకటిలా కాదు. ఆగలేదు. ఎత్తుకొచ్చి వెనక సీట్లో పడుకోబెట్టాను, తాళం తిప్పాను. టక్. మళ్ళీ తిప్పబోతున్నాను. మా మామగారు కిటికీలోంచి చెయ్యి పెట్టి నా చెయ్యి పట్టుకున్నారు. 'ఆగమ్మా, తిప్పకు. దొరికింది. ఒక్క క్షణం.' నేను చెయ్యి తీసేశాను. ఎందుకు తీశావంటే ఏం చెప్పను? లోకంలో నన్ను నమ్మిన మనిషి ఆయన. సీటు కింది బల్బు తీసుకెళ్ళి బానెట్ ఎత్తారు. ముందు అద్దంలోంచి ఇక ఏమీ కనబడలేదు, ఆ తెల్ల రేకు తప్ప. వెనక పిల్ల మడమలు తలుపుకి తగులుతున్నాయి. ఢక్ ఢక్ ఢక్ అని. 'మామయ్యగారూ!' అంటే 'వస్తోంది, వస్తోంది' అన్నారు. కాసేపటికి 'బల్బు వెలగట్లేదు! ఇక్కడే, ఇక్కడే ఉంది!' అని అరిచారు. ఆ గొంతులో సంతోషం ఉందమ్మాయ్. మా పెళ్ళిలో కూడా ఆయన గొంతు అలా వినలేదు నేను. ఎదురింటి బేకరీ ఆయన నా కేకలు విని వ్యాను తీశాడు. రొట్టెల ట్రేల మధ్య పిల్లని ఒళ్ళో పెట్టుకుని వెళ్ళాను.

మూర్ఛ చాలాసేపు ఆగకుండా వచ్చి మెదడు దెబ్బతిందన్నారు ఆసుపత్రిలో. డాక్టరు ఈసారి కళ్ళారా చూశాడు. 'ఇప్పుడు అర్థమైందమ్మా' అన్నాడు నాతోనే. ఏం చేసుకోను? తర్వాతి సంగతి నీకు తెలుసు, రోజూ నువ్వే తినిపిస్తున్నావు. సాయంత్రం మా మామగారు ఆ కారులోనే వచ్చారు. 'బాగైందా?' అని మీ మామయ్య అడిగితే 'ఆ' అన్నారు. ఆ తర్వాత ఆ కారులో ఉన్న వైర్లన్నీ పీకి కొత్తవి వేశారు. బ్యాటరీ, స్టార్టరు, తాళం గుంట, ఏదీ వదల్లేదు. అన్నీ ఒక్కసారే. ఎంత శ్రద్ధో అన్నారు అందరూ. నేనూ అన్నాను. మళ్ళీ ఎన్నడూ మొరాయించలేదది. పొద్దున్నే స్టార్టు చేస్తే చాలు, ఒక్క తిప్పుకి అందుకునేది. ఆయన వరండాలో నిలబడి వినేవారు, విని లోపలికి వెళ్ళిపోయేవారు. పిల్ల పనులు చాలామటుకు ఆయనే చేశారు, ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్ళు. ఆయన్ని ఒక్క మాట అనలేదు నేను. అనాలనిపించలేదు కూడా. బల్బు వెలగలేదుగా. చచ్చి ఉన్న బండి, ఎన్నిసార్లు తిప్పితే మాత్రం ఏం లాభం అనుకున్నాను.

పోయేముందు, మంచం పట్టాక, ఓరోజు దుప్పటి మారుస్తున్నాను. నా చెయ్యి పట్టుకున్నారు. 'నేను బాగుచెయ్యలేదమ్మా' అన్నారు. ఏమిటన్నాను. 'మీరు వ్యానులో వెళ్ళాక బానెట్ దించి మళ్ళీ తాళం తిప్పాను. ఏదీ ముట్టుకోలేదు. స్టార్టయింది.'

పాలు చల్లారిపోతాయి తాగండి అన్నాను. తాగారు. ఆ రాత్రి దగ్గు కూడా లేకుండా పడుకున్నారు. చెప్పకుండా పోవచ్చుగా అమ్మాయ్? గోడకి చెప్పుకోవచ్చు, దేవుడికి చెప్పుకోవచ్చు. ఏం చేసినా ఆ బండి కదిలేది కాదు అనుకుని అన్నాళ్ళూ అన్నం తిన్నాను. నాకు మిగిలింది ఆ ఒక్కటే. అది కూడా పట్టుకుపోయారు.

ఊరుకో. నువ్వెందుకు ఏడవడం? మీ ఆయనతో అనకు. వాడికి... అదిగో, పిల్ల లేచినట్టుంది. ముందెళ్ళి ఆ కిటికీ తెర లాగు, లేస్తూనే ఎండ కళ్ళల్లో పడితే దానికి పడదు.