నాలుగు పిస్టన్ల మీద గాట్లు

2004 వానాకాలం. చండ్రుగొండలో మెకానిక్ తుల్సీరాం షెడ్డు. నెల కిందట తాను ఓవరాలింగ్ చేసిన అంబాసిడర్ కారు ఇంజిన్ పైమూతను, వాల్వులుండే హెడ్డును విప్పి, వంగి చూస్తున్నాడు తుల్సీరాం. కారు నడిపే బొజ్జయ్య పక్కనే నిలబడ్డాడు.

"నేను స్పీడు కొట్టినందుకు గాదు గద, తుల్సీరామన్నా?"

"ఆగు, బొజ్జయ్యా. చూడనియ్యి."

"ఊరంతా గదే అడుగుతున్నరు. పాము కరిచిన ఆదెమ్మను దవాఖానాకు తీస్కపోతుంటే నడి అడవిల ఎట్ల ఆగిందని. నేనే తొందరపడి ఇంజిన్ పాడుచేసిన్నని."

"మూడో సిలిండర్ల వాల్వు తల తెగి లోపల పడ్డది. పిస్టన్ పగిలింది."

"ఎందుకు తెగింది?"

"పిస్టన్ తగిలి. వాల్వు కిందికి దిగినప్పుడు, పిస్టన్ పైకొచ్చినప్పుడు నడుమ సందుండాలె. లేకుంటే రెండూ గుద్దుకుంటయ్."

"స్పీడు కొడితే గుద్దుకుంటయా?"

"మస్తు స్పీడైతే ఒక్కోపాలి గుద్దుకుంటయ్."

"అంటే నేనే..."

"ఇటు రా. ఒకటో పిస్టన్ చూడు. ఏం కనపడ్తంది?"

"గాటు. గోరుతోని గిచ్చినట్టు."

"రెండోది?"

"గట్లనే ఉంది."

"నాలుగోది?"

"దాని మీద గూడ."

"అన్నిటి మీద ఒక్క తీరే. ఒక్కనాటి స్పీడుకు ఇట్ల పడవు. ఇంజిన్ కట్టిన్నాటి నుంచే తగుల్తున్నయ్."

"ఖాయమేనా అన్నా? నడిపేటోని తప్పు గాదు గద?"

"ఒకటో పిస్టన్ మీద గోధుమపిండి ముద్ద పెడ్త. హెడ్డు బిగిచ్చి చేత్తోని తిప్పుదాం. వాల్వు కింద పిండి ఎంత మందం మిగిల్తే అంత సందున్నట్టు."

హెడ్డు బిగించి, హ్యాండిల్‌తో ఇంజిన్‌ను రెండు చుట్లు తిప్పి, మళ్లీ విప్పారు.

"పిండి ఏదన్నా?"

"మొత్తం పక్కకు జరిగింది. ఉత్త పిస్టనే కనపడ్తంది."

"అంటే తప్పు నాది గాదు."

"నీది గాదు. నాది. హెడ్డు వంకర తీయాలని లేతు మిషిని మీద గీకిచ్చిన. ఇదివరకే ఎవలో ఒకపాలి గీకిచ్చిండ్రు. నేను కొలవలే. హెడ్డు పలచబడి వాల్వులు పిస్టన్ల మీదికి దిగినయ్."

"తెల్వక జేసినవ్ గద."

"తెల్వకనే జేసిన. కానీ ట్రయల్ తీసిననాడే టక్కు టక్కుమని ఇనపడ్డది."

"ఇని?"

"కొత్త పిస్టన్లు, నాలుగు రోజులు తిరిగితే సర్దుకుంటయని నీకు చెప్పిన. షెడ్డు ముందు నలుగురు కూసున్నరు. కట్టిన ఇంజిన్ మళ్ల విప్పాలంటే నామోషీ అయింది."

బొజ్జయ్య వంగి తెగిన వాల్వు తలను చేతిలోకి తీసుకున్నాడు.

"ఆదెమ్మకు ఇప్పుడెట్లున్నది?"

"కాలు మోకాలు కాడికి తీసేసిండ్రు. జల్దీ తెస్తే మిగిలేదేమో అన్నడు డాక్టరు. ఇంకో బండి దొరికేదాక మూడు గంటలు అడవిలనే ఉన్నం."

"రేపు భద్రాచలం దవాఖానాకు పోత. ఆమెకు నేనే చెప్త, సప్పుడు ఇని గూడ బండి ఇచ్చిన అని. ఊర్లె పెద్దమనుషుల ముందర గూడ చెప్త. నిన్ను ఎవ్వలూ ఏమనరు."

"ఊర్లె చెప్పు. ఆదెమ్మ కాడికి మాత్రం పోకు."

"ఎందుకు?"

"వద్దన్నా. ఆ సప్పుడు ముచ్చట ఆమె ముందర తియ్యకు."

"దాస్తే ఎట్ల, బొజ్జయ్యా? ఆమెకు తెల్వాలె."

"ఆమెకు తెలుసన్నా. ఆనాడు పోతుంటే ములకలపల్లి సెంటర్ల మూడు కిరాయి జీపులు నిలబడి ఉన్నయ్. 'సప్పుడు మంచిగ లేదు బొజ్జయ్యా, నన్ను జీపెక్కియ్యి' అన్నది. ఏం గాదని నేనన్న. మళ్ల అడుగుతదని, సప్పుడు ఇనపడకుండ టేపుల పాటలు పెద్దగ పెట్టిన."