మా ఆయనకి ఇవ్వండి

గోదావరికి ఎర్రనీళ్ళు వచ్చాయి. యానాం చేపల మార్కెట్ పక్క మేడ మీద, పులసల బుకింగ్ యాప్ నడిపే అబ్బాయీ అమ్మాయీ ఒకే లాప్‌టాప్ ముందు కూర్చున్నారు.

"కింద అందరూ అలా నవ్వుతున్నారేంటండీ?" అంది అమ్మాయి.

"పొద్దున్న మీరు పెట్టిన టెస్ట్ ఆర్డర్ మార్కెట్ టీవీ మీద పడిందండి. అందరి ఫోన్లలోనూ వచ్చింది."

"అయ్యబాబోయ్! అందులో నేను..."

"చేప ఎవరికివ్వాలి అన్నచోట 'మా ఆయనకి' అని నా పేరు రాశారండి."

"ఏదో ఒకటి రాయాలి కదాని రాశానండి! అయినా అది బయటికి కనపడని టెస్ట్ డేటాబేస్‌లోకి కదా వెళ్ళాలి?"

"మనం ఆర్డర్ సేవ్ చేస్తే, ఎందులో దాచాలో యాప్ వెనకాల పనిచేసే ఫ్రేమ్‌వర్క్ కనెక్షన్ ఫైల్ చూసి తెలుసుకుంటుంది కదండీ. అందులో టెస్ట్ డేటాబేస్ అడ్రస్ ఉండాల్సిన చోట అసలుదాని అడ్రస్ ఉంది."

"ఆ ఫైల్ రాసిందెవరండీ?"

"నేనేనండి."

"చంపేశారు! ముందా ఆర్డర్ తీసేయండి!"

"తీసేద్దామనే కూర్చున్నానండి. చెయ్యి రావట్లేదు."

"నవ్వకండి! సిగ్గుతో చచ్చిపోతున్నానిక్కడ."

"మీరూ నవ్వుతున్నారండి."

"ఆగండాగండి. దరియాలతిప్ప నుంచి కొత్త ఆర్డరొచ్చింది. ఎవరండీ ఈవిడ?"

"మా అమ్మండి."

"ఏం రాశారు? చదవండి."

"'మంచి పులస చూసి పంపండి. కోడలికి పులుసు నేనే వండి పెడతాను.'"

"ఇదీ టెస్టేనాండీ?"

"మా అమ్మకి టెస్టులు తెలీవండి. ఆవిడ ఏది పెట్టినా అసలుదే."

"అయితే నాదీ ఉంచేయండి."