గుడిబండ సంబంధం

ధర్మవరం రైల్వే స్టేషన్‌లో బెంగళూరు బండికి ఇంకా పావుగంట ఉంది. ఇరవై మూడేళ్ళ ప్రమోద అన్నీ సర్దుకొని, బ్యాగు ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది. ఆమెతో పాటు పోవాల్సిన హేమావతి మాత్రం వట్టి చేతులు ఊపుకుంటూ వచ్చింది, అదీ నవ్వు మొహంతో.

“బ్యాగేదే?”

“బ్యాగెందుకు ప్రమోదా? ఇంక మనం పోయే పనే లేదు. పొద్దున మీ అమ్మ మా ఇంటికొచ్చింది.”

“వచ్చిందా.”

“వచ్చిందా అంటావేమే, నీకు తెలీదా? గుడిబండలో సంబంధమంట. మనోళ్ళేనంట. ఇద్దరు అన్నదమ్ములు. పెద్దోనికి నువ్వు, చిన్నోనికి నేను. ‘ఇద్దరూ ఒకరినొకరు విడిచి ఉండలేరు, తోడికోడళ్ళయితే సరిపోతాది’ అని మా అమ్మతో అంటాంటే నాకు నవ్వాగలే.”

“నవ్వొచ్చిందా నీకు?”

“రాదా మరి! పాపం, ఆయమ్మకేం తెలుసు? మనల్ని ఉత్త స్నేహితురాండ్లనుకుంటాండాది. తెలీకనే మనకు దావ చూపించింది. ఒకటే ఇల్లు, ఒకటే వంటిల్లు. ఎవురికీ అనుమానం రాదు.”

“ఆ ఇంట్లో ఇద్దరు మొగుళ్ళు కూడా ఉంటారు హేమా.”

“ఉండనీలే. పొద్దున చేనికి పోతే మళ్ళా రాత్రికి గదా వచ్చేది.”

“రాత్రికి వస్తారు గదా?”

“అబ్బ! నువ్వు ప్రతిదానికీ అడ్డం మాట్లాడతావు.”

“పిల్లోడు ఎట్లుంటాడో అడిగినావా?”

“ఎట్లుంటే మనకేమి? మనం చేసుకునేది వాళ్ళనా?”

“బెంగళూరులో రూము చూసినా. ఇద్దరికీ బట్టలంగడిలో పని చూసినా. ‘నువ్వు యాడికంటే ఆడికొస్తా’ అంటివి.”

“అంటిని. అప్పుడు వేరే దావ లేదు గదా. మా నాయనకు తెలిస్తే మగ్గం గుంతలోనే పూడ్చిపెడతాడు. అదీగాక, రేపు నీకు ఆడ ఇంకెవరన్నా నచ్చితే? నా గతేమి? ఇంట్లోకి రానిస్తారా నన్ను? గుడిబండలో అయితే నువ్వు నన్ను విడిచి యాడికీ పోలేవు.”

“అంటే నా మీద నమ్మకం లేదు.”

“నమ్మకం లేక కాదే, భయం. నువ్వంటే నాకు ప్రాణం. కాకుంటే మొహం కూడా చూడనోనికి మెడ వంచుతానంటానా?”

“హేమా, నీ టికెట్టు కూడా తీసినా. పెనుకొండ, హిందూపురం దాటితే మనల్ని ఎరిగినోళ్ళుండరు. ఇట్లే, కట్టుబట్టలతోనే ఎక్కు. మళ్ళా అడగను.”

“ఏం మొండితనమే నీకు! మీ అమ్మ ముఖమన్నా చూడు. ఈ సంబంధం కోసం ఎంత తిరిగిందో ఏమో!”

“మా అమ్మకు ఏం చెప్పినావు?”

“సరేనని చెప్పినా. నీ తరఫున కూడా.”

“వెంటనేనా?”

“వెంటనే. ఆయమ్మ కాఫీ కూడా తాగలే, లేచి పోయింది. కండ్లు తుడుచుకునింది. సంతోషమేమో.”

“సంతోషం కాదు.”

“మరి?”

“మా అమ్మకు అంతా తెలుసు. నేనే చెప్పినా, పోయిన వారం.”

“అయ్యో దేవుడా! తెలిసీ... తెలిసీ ఈ సంబంధం తెచ్చిందా?”

“మూడు దినాలు ఏడ్చింది. నాలుగో దినం లేచి, ‘పట్టు కొనేముందు అసలుదో కాదో అని ఒక పోగు కాల్చి చూస్తాం గదా, ఆ పిల్లనూ అట్లే చూస్తా. పెండ్లికి ఒప్పుకోకపోతే మీ ఇద్దర్నీ నేనే బండెక్కిస్తా’ అనింది. నువ్వు ఒప్పుకోవని నేను ఒట్టేసి చెప్పినా.”

“ఆ మాట నాకు ముందే చెప్తే ఏం పోయేదే? బండి కూడా వస్తాండాది... ఉండు, నాకేం తోచడం లేదు. మరి గుడిబండోళ్ళకు ఇప్పుడు ఏం చెప్పాల?”

“గుడిబండలో ఆ అన్నదమ్ములెవరూ లేరు హేమా.”